రాజ్యాంగాన్ని మార్చడం: బ్రిటన్ దారా, అమెరికా దారా, మన దారా? ఏది మేలు?

మన రాజ్యాంగాన్ని 2023 నాటికి 106 సార్లు సవరించారు. అమెరికా వాళ్లు రెండు శతాబ్దాలు దాటినా 27తోనే సరిపెట్టుకున్నారు. ఈ లెక్క వినగానే "చూశారా, మనకి నిలకడ లేదు" అనేవాళ్లు ఎక్కువ. నాకైతే ఈ లెక్కతో ఏమీ తేలదనిపిస్తుంది. మార్చేవాడి కుర్చీ ఆ మార్పుతో గట్టిపడుతోందా లేదా అన్నదే నేను చూస్తాను. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని మూడు పద్ధతుల్నీ తూచి చూద్దాం.

బ్రిటన్‌ది అన్నిటికంటే సులువైన దారి. అక్కడ ఒకే గ్రంథంగా రాసిపెట్టుకున్న రాజ్యాంగం లేదు. పార్లమెంటులో మామూలు మెజారిటీ ఉంటే ఏ చట్టాన్నైనా మార్చేయొచ్చు. ఇందులో సుఖం లేకపోలేదు. హత్యానేరానికి ఉరిశిక్షను 1965లో ముందు ఐదేళ్ల పాటు ఆపి చూశారు. 1969లో ఇక అక్కర్లేదని శాశ్వతంగా తీసేశారు. చట్టాన్ని ఇలా వాడి చూసి తేల్చుకోవడం నాకు నచ్చుతుంది.

కానీ అధికారం జోలికి వచ్చేసరికి ఆ సుఖమే బెడిసికొడుతుంది. ప్రధాని తనకు కలిసొచ్చినప్పుడు ఎన్నికలు పెట్టుకోకుండా 2011లో ఐదేళ్ల గడువు ఖాయం చేస్తూ చట్టం తెచ్చారు. ముందస్తుకు వెళ్లాలని సభే కోరుకుంటే మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలన్నారు. 2019 అక్టోబరులో బోరిస్ జాన్సన్‌కు అంతమంది దొరకలేదు. ఏం చేశారు? మర్నాడే డిసెంబరు 12న ఎన్నికలంటూ చిన్న బిల్లు తెచ్చి దిగువ సభ అయిన కామన్స్ సభలో నెగ్గించుకున్నారు. బిల్లుకు మామూలు మెజారిటీ చాలు మరి! 2022లో 2011 నాటి చట్టాన్నే ఎత్తేశారు.

అమెరికా దీనికి పూర్తిగా తిరగేసి. కాంగ్రెస్ ఉభయ సభల్లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. సభ్యుల జీతాల మీద 1789లో ప్రతిపాదించిన సవరణ 1992లో అమల్లోకి వచ్చింది. వినడానికి తమాషాగానే ఉంటుంది గానీ అసలు నష్టం వేరే చోట ఉంది. వాక్యం మార్చడం అంత కష్టమైతే, ఆ వాక్యానికి అర్థం చెప్పే తొమ్మిది మంది జడ్జీల చేతికి అధికారం వెళ్లిపోతుంది. గర్భస్రావం రాజ్యాంగ హక్కు అని 1973లో అన్నారు, కాదని 2022లో అన్నారు. మధ్యలో ఆ విషయమై రాజ్యాంగంలో ఒక్క అక్షరం కూడా మారలేదు. మార్పు ఆగలేదు, ఓటరు చేతిలోంచి మాత్రం జారిపోయింది.

మనవాళ్లు మూడు మెట్లు పెట్టారు. రాష్ట్రాల విభజన, శాసనమండలి రద్దు లాంటి కొన్నిటికి మామూలు మెజారిటీ చాలు. చాలావాటికి ఉభయ సభల్లో హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఉండాలి. సమాఖ్యకు సంబంధించిన వాటికి, వీటితో పాటు సగం రాష్ట్రాల శాసనసభలూ ఒప్పుకోవాలి.

మొదటి మెట్టు ఎంత సులువో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. మూడో అధికరణం శాసనసభ అభిప్రాయం అడగమంటుంది, వినమనదు. ఇది న్యాయమా అంటే హైదరాబాద్‌లో ఒక జవాబు, విజయవాడలో ఇంకో జవాబు వస్తాయి. మన శాసనమండలి కథ ఇంకా విచిత్రం. 1985లో రద్దయింది, 2007లో తిరిగొచ్చింది, 2020లో మళ్లీ రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది, 2021లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. 2020లో అధికార పక్షానికి మండలిలో బలం లేదు, ఏడాది తిరిగేసరికి వచ్చింది. అంతకు మించి వివరణ అవసరమా?

పై మెట్లు గట్టివే కదా అనుకుంటే 1975 ఆగస్టు చూడాలి. జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదంది. ఆమె అప్పీలు ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముందుకు రావాలి. ఈలోగా ప్రధాని ఎన్నికను కోర్టులు ప్రశ్నించకూడదని 39వ సవరణ బిల్లు తెచ్చారు. 7న లోక్‌సభలో పాసైంది, 8న రాజ్యసభలో పాసైంది, రాష్ట్రాల ఆమోదమూ వచ్చేసింది, 10న రాష్ట్రపతి సంతకం అయిపోయింది. ఎమర్జెన్సీలో ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు. ఢిల్లీలోనూ చాలా రాష్ట్రాల్లోనూ ఒకటే పార్టీ. తాళాలు ఎన్నున్నా తాళంచెవుల గుత్తి ఒక్కరి నడుముకే ఉంటే ఏం లాభం?

ఆ నవంబరులో సుప్రీంకోర్టు అందులోని కీలక భాగాన్ని కొట్టేసింది. రెండేళ్ల ముందు, 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 7-6 తేడాతో వచ్చిన తీర్పే దానికి ఆధారం. పార్లమెంటు ఏ అధికరణాన్నైనా సవరించొచ్చు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని, అంటే దాని పునాదుల్ని మాత్రం చెడగొట్టకూడదు అన్నది ఆ తీర్పు సారం. ఆ ఏడుగురిలో మన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు.

అంతకు ముందు 1967లో గోలక్‌నాథ్ కేసులో చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు నాయకత్వంలోని ధర్మాసనం 6-5తో ఇంకా గట్టి గీత గీసింది. ప్రాథమిక హక్కులను ఇకపై అసలు తగ్గించకూడదంది. ఆయన మనవాడే అయినా ఇక్కడ నా ఓటు కేశవానంద తీర్పుకే. గోలక్‌నాథ్ నిలిచి ఉంటే ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలోంచి తీసేసిన 1978 నాటి 44వ సవరణకు దారే ఉండేది కాదు. ఆస్తి మీద ఒక తరం అభిప్రాయం తర్వాతి తరాలకు సంకెల కాకూడదు. ఎన్నికల్లో ఓడిపోయే అవకాశాన్ని మాత్రం ఏ తరమూ చెరపకూడదు.

అందుకే మూడింటిలో మన పద్ధతే మేలంటాను, ఒక గట్టి ఫిర్యాదుతో. మౌలిక స్వరూపంలో ఏమేం ఉన్నాయో ఎక్కడా జాబితా లేదు. ఆ జాబితా రాసేది జడ్జీలే. న్యాయమూర్తుల నియామకాలకు కమిషన్ వేస్తూ పార్లమెంటు చేసిన 99వ సవరణను 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. న్యాయమూర్తుల్ని ఎంచుకునే అధికారం కొలీజియం దగ్గరే, అంటే న్యాయమూర్తుల దగ్గరే ఉండిపోయింది. ఒప్పుకోని ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. కుర్చీ ప్రశ్న నాయకులకు వేసినప్పుడు జడ్జీలకూ వేయాలి. ఆ కేసులో వాళ్లు దానికి సరైన జవాబు చెప్పలేదనే నా అభిప్రాయం.

లోక్‌సభకూ శాసనసభలకూ ఒకేసారి ఎన్నికలు పెట్టాలనే జమిలి ఎన్నికల బిల్లునూ ఇదే ప్రశ్నతో చూడొచ్చు. 2024 డిసెంబరు 17న లోక్‌సభలో దాన్ని ప్రవేశపెట్టడానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 ఓట్లు పడ్డాయి. ప్రవేశపెట్టడానికి ఆ మెజారిటీ చాలు. అదే ఆఖరి ఓటింగ్ అయితే ఓటేసిన 467 మందిలో మూడింట రెండొంతులు, అంటే 312 కావాల్సి వచ్చేది. బ్రిటన్‌లో అయితే 269తోనే కామన్స్ సభలో నెగ్గేది. ఇక్కడ మాత్రం సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. ఆ 43 ఓట్ల కోసం పాలకపక్షం అవతలివాళ్లను కూడా ఒప్పించాలి.