రెండు వారాల చిప్ టెక్నీషియన్ కోర్సు: ఫీజుకు తగ్గ చదువేనా?

అరిజోనాలోని చాండ్లర్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇంటెల్ ఒకొటీయో ప్రాంగణం తెలియకపోవడమంటూ ఉండదు. అక్కడ ఇంజనీర్లుగా పనిచేసే మనవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఫ్యాబ్‌లో (చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో) తెల్ల సూటు తొడుక్కుని యంత్రాలు విప్పి బిగించే టెక్నీషియన్లలో మాత్రం ఇద్దరు ముగ్గురికి మించి తెలియదు. ఇక్కడి ఒక కమ్యూనిటీ కాలేజీలో చిన్న కోర్సు చేసి నేనూ ఆ పనిలోనే చేరాను, వేరొక కంపెనీలో. రోజుకు నాలుగు గంటల చొప్పున పది రోజుల కోర్సు, ఫీజు కొన్ని వందల డాలర్లు. అది చేయవచ్చా అని అడిగే ఫోన్లు ఎక్కువయ్యాయి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

నాది గుంటూరు. ఈసీఈలో డిప్లొమా చేసి, పెళ్లికి ముందు కొన్నాళ్లు ఒక పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేశాను. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నాకు కొత్త కాదు. కోర్సు మీద నా అభిప్రాయంలో ఆ అనుభవం పాలు కూడా ఉందని గమనించండి.

ముందు బాగున్న సంగతి. పాఠం చెప్పిన ఆయన ఫ్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. మొదటి రోజే రేణువులు లెక్కపెట్టే యంత్రాన్ని బల్ల మీద పెట్టి, ఒక కుర్రాడిని పిలిచి, దాని మీద చొక్కా చేతిని ఒక్కసారి దులపమన్నారు. తెర మీద అంకె గబగబా ఎగబాకింది. ఐఎస్ఓ 5 తరగతి (గాలిలో ధూళి ఎంతవరకు ఉండొచ్చో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) క్లీన్‌రూమ్‌లో ఘనమీటరు గాలికి అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండువేలవ వంతు), అంతకన్నా పెద్ద రేణువులు 3,520కి మించకూడదని ఆ తర్వాత చెప్పారు. ఇక ఎవరూ సూటు ఎందుకని అడగలేదు. పౌడర్, కాటుక, సెంటు ఎందుకు కూడదో కూడా అలాగే అర్థమైంది. పెన్సిల్ కూడా లోపలికి తీసుకెళ్లకూడదు, గ్రాఫైట్ పొడి రాలుతుంది. చెమటలోని ఉప్పు సంగతి నాకు అన్నిటికన్నా నచ్చింది. సోడియం అయాన్లు ట్రాన్సిస్టర్ (చిప్పులోని చిన్న స్విచ్చు) గేటు కింది ఆక్సైడ్ పొరలో చేరితే అక్కడే కదులుతూ, అది ఏ వోల్టేజి దగ్గర పనిచేయాలో ఆ లెక్కనే మార్చేస్తాయట. అంటే గదిలో ఉన్న అతి పెద్ద కల్మషం మనమే. మూడేళ్ల డిప్లొమాలో నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

మంగళసూత్రం మాటేమిటని అడిగేవాళ్లు ఉన్నారు. విద్యుత్తు ఉన్న యంత్రాలు తెరిచే పనిలో ఒంటి మీద లోహం ఉండకూడదు, అంతే. మా అత్తయ్యగారు ‘దేవుడి దగ్గర పెట్టి వెళ్లమ్మా’ అని ఒక్క మాటతో తేల్చేశారు. ఉద్యోగం గురించి మాత్రం ఆవిడ ఇంకా తేల్చలేదు. ‘అమెరికా వెళ్లి ఫ్యాక్టరీ పనా?’ అని మా ఆడపడుచు అన్న మాటకు కూడా నా దగ్గర జవాబు లేదు. ఫ్యాక్టరీ పనే. ఫ్యాక్టరీ ఖరీదు వేల కోట్ల డాలర్లు. ఫీనిక్స్ ఉత్తరాన తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్ఎంసీ 2020లో 1,200 కోట్ల డాలర్లతో మొదలుపెడతామన్నది, 2025 మార్చికి 16,500 కోట్ల డాలర్లకు చేరింది.

కోర్సు మొత్తంలో డబ్బుకు తగ్గ ఫలం దక్కింది వాక్యూమ్ ల్యాబ్‌లో. గాలి తీసేసి ఉంచే ఛాంబర్ మూత బిగించేటప్పుడు బోల్టులను వరుసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఓరింగును (అతుకులో గాలి చొరబడకుండా వేసే రబ్బరు వలయాన్ని) వెలుగుకు ఎదురుగా పట్టుకుని తిప్పి చూడాలి, వెంట్రుకవాసి గీత ఉన్నా పక్కన పడేయాలి. ఆ తర్వాత లీకు పరీక్ష. ఛాంబర్‌లో గాలిని పంపుతో తీసేసి, బయట అతుకుల మీద సన్నటి గొట్టంతో హీలియం ఊదుతారు. లీకు ఉంటే అది లోపలికి దూరి డిటెక్టర్‌కు దొరుకుతుంది. మేమందరం కింది అతుకు నుంచి మొదలుపెట్టాం. ఆయన ఊరుకుని చూసి, ‘హీలియం పైకి పోతుంది కదా, కింద ఊదితే పైనున్న లీకు కూడా పలుకుతుంది, ఏది ఏదో ఎలా చెబుతారు?’ అన్నారు. పై నుంచి కిందికి రావాలి, ఒక్కో అతుకు దగ్గర ఆగాలి, తొందరపడకూడదు. ఈ ఒక్క గంట నాకు ఇంటర్వ్యూలోనూ పనికొచ్చింది, ఇప్పుడూ పనికొస్తోంది.

భద్రత పాఠాలు కూడా గట్టిగానే చెప్పారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాఢత తక్కువగా ఉంటే ఒంటి మీద పడగానే మంట పుట్టకపోవచ్చు. ఈలోగా లోపలికి దిగి శరీరంలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. అందుకే దగ్గరలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉంచుతారు. యంత్రం తెరిచే ముందు కరెంటు, వాయువులు ఆపి, ఎవరి తాళం వారే వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఈ విషయంలో వంక పెట్టడానికి లేదు.

ఇక వంకలు. ల్యాబ్‌లో ఉన్నవి పాతకాలపు చిన్న వేఫర్లు (చిప్పులు తయారయ్యే గుండ్రటి సిలికాన్ పలకలు), చేత్తో పట్టకారుతో తీసి పెట్టేవి. పెద్ద ఫ్యాబుల్లో వేఫర్ 300 మిల్లీమీటర్లు. 25 వేఫర్లు ఒక మూసిన పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టెలు నెత్తి మీది పట్టాల వెంట వాటంతటవే తిరుగుతుంటాయి. మనిషి వేఫర్‌ను కంటితో చూసేదే అరుదు. కనీసం ఒక వీడియో అయినా చూపించాల్సింది. గాలి ఒత్తిడితో పనిచేసే వాల్వులు, సెన్సర్లు, పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లు) అన్నీ ఒక్క పూటలో తెర మీద చూపించి వదిలేశారు. టెక్నీషియన్‌కు తిండి పెట్టేది ఆ పాఠమే.

అన్నిటికన్నా పెద్ద లోటు వేరే ఉంది. షిఫ్టుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మా దగ్గర 12 గంటల షిఫ్టు, ఒక వారం మూడు రోజులు, మరుసటి వారం నాలుగు. సెలవులు ఎక్కువ కనిపిస్తాయి కానీ రాత్రి షిఫ్టు పడితే వాటిలో మొదటి రోజు నిద్రకే సరి. దిగిపోయేవాళ్లు ఎక్కేవాళ్లకు యంత్రాల పరిస్థితి అప్పజెప్పే పాస్‌డౌన్ అరగంట వేరే. సంక్రాంతికీ ఉగాదికీ ఇంట్లో ఉంటామన్న భరోసా లేదు. కాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇవన్నీ కోర్సు మొదటి రోజే చెబితే సగం మంది లేచిపోతారని భయమేమో. లేచిపోనివ్వాలి, వాళ్ల ఫీజు వాళ్లకు మిగులుతుంది.

సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం వస్తుందా అంటే, రాదు. ఇంటర్వ్యూలో నన్ను దాని గురించి ఎవరూ అడగలేదు. ‘పంపు ఆగిపోయింది, ముందు ఏం చూస్తావు?’ అని అడిగారు. పైగా ఈ పరిశ్రమకు ఎగుడుదిగుళ్లు సహజం. 2022లో అమెరికాలో చిప్పుల తయారీని ప్రోత్సహించే చిప్స్ చట్టం వచ్చినప్పుడు అందరూ టెక్నీషియన్లు కావాలన్నారు. 2024 ఆగస్టులో ఇంటెల్ ఒక్కటే దాదాపు 15 వేల ఉద్యోగాలు తగ్గిస్తామంది. ఇంకో మాట, హెచ్1బీకి డిగ్రీ అవసరమైన కొలువు ఉండాలి కాబట్టి ఈ ఉద్యోగం దాని కిందికి రాదు. గ్రీన్‌కార్డు గానీ పని అనుమతి గానీ లేనివాళ్లు ఈ ఫీజు కట్టుకోవద్దు.

ఇండియా నుంచి అడిగే తమ్ముళ్లకు: సాణంద్‌లో (గుజరాత్) అమెరికా కంపెనీ మైక్రాన్ పెట్టింది చిప్పులను ప్యాకింగు చేసి పరీక్షించే ప్లాంటు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు కేంద్రం ఆమోదించినదీ ప్యాకేజింగ్ యూనిట్టే. అక్కడ డిప్లొమావాళ్లకు పని ఉంటుంది. కానీ అమీర్‌పేటలో వీఎల్‌ఎస్ఐ అని బోర్డు పెట్టేవి చిప్ డిజైన్ కోర్సులు. అక్కడ నేర్పేది చిప్ డిజైన్ రాసే భాష వెరిలాగ్, పంపు విప్పడం కాదు. రెండిటికీ సెమీకండక్టర్ అనే పేరు తగిలించి అమ్ముతున్నారు, చూసుకోండి.

నా మార్కులు అయిదుకు మూడున్నర. అందులో రెండు ఆ హీలియం పాఠానికే. చేరేటట్టయితే ఫీజు కట్టే ముందు రెండు సంగతులు అడగండి: పది రోజుల్లో ల్యాబ్ ఎన్ని గంటలు, ఒక్కో పంపు ముందు ఎంతమంది నిలబడాలి. మా బ్యాచ్‌లో ఆరుగురం. ముందుకు జరిగి రెంచీ అందుకున్నవాళ్లకే పని వచ్చింది, మర్యాదగా వెనక నిలబడ్డవాళ్లు చూసి వెళ్లారు.