తిరుపతిలో రెడీమేడ్ పర్మాంగనేట్ సొల్యూషన్ కొనేవాళ్లు జాగ్రత్త!

షాపు పేరు రాయను. ఇక్కడ డిగ్రీ, పీజీ కెమిస్ట్రీ వాళ్లు ల్యాబ్ సామాన్లకు ఎక్కడికి పోతారో మీకు తెలుసు. మాత్రల్లో ఐరన్ ఎంతుందో కొలిచే ప్రాజెక్టు కోసం పొటాషియం పర్మాంగనేట్ సొల్యూషన్ (ఐరన్‌తో కలిస్తే రంగు పోయే ఊదా ద్రవం) తెచ్చుకున్నాను. లేబుల్ మీద గాఢత 0.02 మోలార్ అని ఉంది, తయారు చేసిన తేదీ లేదు.

ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలు, ఒక్కోదాంట్లో ఐరన్ 60 మిల్లీగ్రాములు. ఐదు మాత్రలు నూరి, డైల్యూట్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి, వడకట్టి 100 మి.లీ. చేశాను. అందులో 25 మి.లీ. తీసుకుని, బ్యూరెట్‌లోంచి (కొలత గీతలున్న గాజు గొట్టం) పర్మాంగనేట్ చుక్కలుగా వేస్తూ టైట్రేషన్ చేస్తే 13.4 మి.లీ. దగ్గర లేత గులాబీ రంగు నిలవాలి. 17 దాకా పోయింది. మళ్లీ చేసినా అంతే. లెక్క కడితే మాత్రకు 76 మిల్లీగ్రాములు!

అనుమానమొచ్చి ఆగ్జాలిక్ యాసిడ్‌తో సరిచూశాను. 0.05 మోలార్ ఆగ్జాలిక్ 10 మి.లీ.కి ఈ సొల్యూషన్ కూడా 10 పట్టాలి, 12.7 పట్టింది. ఎక్కువ పట్టిందంటే సొల్యూషన్ బలం తగ్గిందన్నమాట: 0.02 కాదు, 0.016 కూడా లేదు. బాటిల్ వంచి చూస్తే అడుగంతా గోధుమరంగు మడ్డి, మాంగనీస్ డయాక్సైడ్. తెల్ల గాజు బాటిల్‌లో పోసి షాపు ముందు ఎండలో పెడితే సొల్యూషన్ చెడిపోక ఏమవుతుంది?

బాటిల్ తీసుకుని పోయి ఆ మడ్డి చూపించాను. షాపాయన దాని వైపు చూడనైనా లేదు. "రంగు బాగానే ఉండాది కదా పాపా. టైట్రేషన్ చేయడం రాకపోతే సార్‌ని అడుగు, నన్ను కాదు" అన్నాడు. పక్కన ఇంటర్ పిల్లలు నిలబడి ఉన్నారు, అందరూ నన్నే చూశారు. నా రీడింగులు రాసిన కాగితం కౌంటర్ మీద పెడితే వేలితో ఇటు నెట్టేశాడు. డబ్బు పోయిందని కాదు, ఆ నెట్టడమే ఇప్పటికీ మండుతోంది. ఆ సొల్యూషన్‌ను నమ్మి రిపోర్టు రాస్తే ఏ తప్పూ లేని మాత్ర మీద నింద పడేది. గర్భిణులు వేసుకునే మాత్ర అది!

స్ఫటికాలే కొనుక్కోండి. నీళ్లలో కరిగించి మరిగించి, చల్లారాక గ్లాస్ వూల్‌తో వడకట్టి, ముదురు రంగు బాటిల్‌లో దాచండి, వాడేముందు ఆగ్జాలిక్‌తో చూసుకోండి. ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రలకు మాత్రం పర్మాంగనేట్ వద్దు, విటమిన్ సి కూడా దాన్ని తినేస్తుంది. రెడీమేడ్ తప్పదంటే తేదీ ఉన్న బాటిలే అడగండి, బిల్లు లేకుండా తీసుకోవద్దు.