వీధి చివరి కిరాణా కొట్టా, సూపర్‌మార్కెట్టా?

చిన్నప్పుడు చేతిలో చీటీ, సంచి పెట్టి పంపిన కొట్టు చాలా వీధుల్లో ఇంకా ఉంది. నెల సరుకులకు మాత్రం ఇప్పుడు ట్రాలీ తోస్తున్నాం.

ధర: బియ్యం, నూనె, సబ్బులు ఒకేసారి కొంటే సూపర్‌మార్కెట్టే చవక. కొట్టులో చాలావరకు ఎమ్మార్పీయే. కానీ 50 గ్రాముల జీలకర్ర పొట్లం అక్కడే కట్టిస్తారు. కొసరు కూడా అక్కడే (అడిగితేనే).

తూకం: కొట్టులో కాటా సున్నా చూపించాకే సరుకు పెట్టించాలి. మన డబ్బాలో పోయిస్తే ముందు ఖాళీ డబ్బా పెట్టి టేర్ (కాటాను మళ్లీ సున్నాకు తెచ్చే బటన్) నొక్కించాలి, లేదంటే డబ్బా బరువుకూ పప్పు ధరే. సూపర్‌మార్కెట్‌లో మోసపోయేది ప్యాకెట్ సైజు చూసి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు; పక్కనున్న చవక ప్యాకెట్‌లో 850 గ్రాములే ఉండొచ్చు.

అరువు: ఇది కొట్టుకే సొంతం. గొడవలొచ్చేదీ ఇక్కడే. పిల్లలు తెచ్చినవి కొట్టు పుస్తకంలోనే పడితే నెలాఖరున ఎవరికీ గుర్తుండవు. ఇంట్లో రెండో పుస్తకం ఉంచి తేదీ, సరుకు, తూకం, ధర అప్పుడే రాయించాలి. 'సరుకులు 140' అని రాస్తే ఒప్పుకోవద్దు.

పురుగు పట్టిన పప్పు: కొట్టాయన మొహం చూసి మారుస్తాడు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కావాలి.

చేతిలో నెల డబ్బు, ఇంట్లో చోటు ఉంటే సూపర్‌మార్కెట్. రోజుకూలీ ఇల్లయినా, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లయినా కొట్టే నయం.