ఫోల్డర్ బొమ్మ నొక్కితే ఏది తెరుచుకుంటుంది? ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్, థునార్‌ల సమీక్ష

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, కంప్యూటర్ షాపులుండే సీటీసీ మెట్ల మీద వరసగా పేర్చి అమ్మే సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. 4 జీబీ ర్యామ్, పాత ప్రాసెసర్ ఉన్న అలాంటి మెషీన్‌కి ఎవరిని అడిగినా ముందు చెప్పే పేరు ఎక్స్‌ఎఫ్‌సీఈ. లినక్స్‌లో మెనూలు, విండోలు, ప్యానెల్ చూపించే డెస్క్‌టాప్ ఇది, ఒలివియే ఫోర్డాన్ 1996లో మొదలుపెట్టాడు. లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్‌లో, జుబుంటు 24.04లో 4.18 వెర్షన్ వస్తుంది. డెబియన్ 13లో 4.20 ఉంది. అందం, వేగం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఈ సమీక్ష రోజూ వంద సార్లు చెయ్యి పడే రెండింటి గురించే: తెర అంచున ఉండే పట్టీ (ప్యానెల్) మీద అప్లికేషన్లు తెరిచే బొమ్మలు, అంటే లాంచర్లు; ఫోల్డర్లు తెరిచే ఫైల్ మేనేజర్ థునార్.

ఒక చిన్న మాట. కమాండ్లు, ఫైళ్ళ పేర్లు ఇక్కడ పలికినట్టు రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. పెద్దక్షరం అవసరమైన చోట విడిగా చెప్పాం.

ముందు ప్యానెల్. లాంచర్ చేర్చడం సులువు: మెనూలో అప్లికేషన్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ టు ప్యానెల్ నొక్కితే చాలు. ఒకే లాంచర్‌లో నాలుగైదు అప్లికేషన్లు పెట్టుకుంటే పక్కన బాణం గుర్తు వస్తుంది. ట్యాలీ కోచింగ్ సెంటరైనా, జిరాక్స్ షాపైనా, స్క్రీన్ చిన్నదైన చోట ఈ సదుపాయం బాగా పనికొస్తుంది. కానీ లోపల జరిగేది తెలియకపోతే తర్వాత చిక్కు. మెనూలోంచి చేర్చిన అప్లికేషన్‌కి పేరు, బొమ్మ, కమాండ్ రాసి ఉండే అసలు ఫైల్‌ని (డాట్ డెస్క్‌టాప్ ఫైల్) ప్యానెల్ వాడదు, నకలు తీసుకుంటుంది. హోమ్ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫిగ్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ4, అందులో ప్యానెల్, అక్కడ లాంచర్-7, లాంచర్-12 లాంటి ఫోల్డర్లు కనిపిస్తాయి. వాటిలో పొడుగాటి అంకెల పేరుతో ఉన్న డాట్ డెస్క్‌టాప్ ఫైళ్ళే ఆ నకళ్ళు. నకలు ఎక్కడినుంచి తీసిందో ఎక్స్-ఎక్స్‌ఎఫ్‌సీఈ-సోర్స్ అనే లైన్‌లో రాసి ఉంటుంది.

అసలు ఫైల్ మారినా నకలు మారదు. అప్లికేషన్‌ని డెబ్ ప్యాకేజీ నుంచి ఫ్లాట్‌ప్యాక్‌కి (రెండూ అప్లికేషన్లు ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతులే) మార్చుకున్నారనుకోండి, మెనూలోంచి బాగానే తెరుచుకుంటుంది, ప్యానెల్ బొమ్మ మాత్రం ఉలకదు పలకదు. లాంచర్ తీసేసి మెనూలోంచి మళ్ళీ చేర్చడమే దీనికి మందు, అర నిమిషం పని. ఇంతదానికి మొత్తం ప్యానెల్‌ని రీసెట్ చేసేవాళ్ళున్నారు. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఒకే హార్డ్‌డిస్క్ ఇమేజ్‌ని పది మెషీన్లలోకి కాపీ చేసి అమ్మే చోట కొన్న లాప్‌టాప్‌లో ఇంకో రకం కనిపించవచ్చు. కమాండ్‌లో స్లాష్ హోమ్ తర్వాత వేరే యూజర్ పేరు ఉంటుంది, ఆ ఫోల్డర్ మీ మెషీన్‌లో ఉండదు. లాంచర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పెన్సిల్ గుర్తు నొక్కి కమాండ్ చదివితే తెలిసిపోతుంది.

కమాండ్ పెట్టెలో చేసే తప్పులు సాధారణంగా ఇవే. లాంచర్ షెల్‌ని (టెర్మినల్‌లో కమాండ్లని అర్థం చేసుకునే ప్రోగ్రామ్‌ని) పిలవదు కాబట్టి టిల్డా గుర్తు, డాలర్ హోమ్, రెండు కమాండ్లని కలిపే జంట యాంపర్సాండ్ పనిచెయ్యవు. పూర్తి దారి రాయండి, లేదా ఎస్‌హెచ్ -సీ అని పెట్టి మిగతాదంతా కోట్స్‌లో పెట్టండి. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే ఆ దారికీ కోట్స్ కావాలి. టెర్మినల్‌లో నడిచే స్క్రిప్ట్ ప్యానెల్‌లో నడవకపోతే, టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బ్యాష్‌ఆర్‌సీ ఫైల్‌లో పాత్ (ప్రోగ్రామ్‌లని వెతికే చోట్ల జాబితా) మార్చుకుని ఉంటారు. ప్యానెల్ లాగిన్ స్క్రీన్ నుంచి మొదలయ్యే సెషన్‌లో పుడుతుంది, బ్యాష్‌ఆర్‌సీని చదవదు. అలియాస్‌లూ (కమాండ్లకి పెట్టుకున్న పొట్టి పేర్లు) అంతే. ఇలాంటప్పుడు రన్ ఇన్ టెర్మినల్ టిక్ పెట్టి ఒకసారి నడిపిస్తే తప్పు కళ్ళముందు కనిపిస్తుంది. విండో వెంటనే మూసుకుపోతుంటే కమాండ్ చివర సెమీకోలన్, రీడ్ చేర్చండి, అదీ ఎస్‌హెచ్ -సీ కోట్స్ లోపలే.

యాప్‌ఇమేజ్‌లది, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఒకే ఫైల్‌గా నడిచే అప్లికేషన్లది, వేరే గోల. ఫైల్ పేరులోనే వెర్షన్ నంబర్ ఉంటుంది కాబట్టి కొత్తది దించుకున్న రోజే పాత లాంచర్ చచ్చిపోతుంది. పేరులోంచి నంబర్ తీసేసి, ఒకే ఫోల్డర్‌లో, ఒకే పేరుతో ఉంచుకోవడం మేలు. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పర్మిషన్స్‌లో ప్రోగ్రామ్‌గా నడవనివ్వు అన్న టిక్ కూడా ఉండాలి. అయినా నడవకపోతే ఉబుంటు 22.04 నుంచీ ముందుగా రాని లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ లోపించిందేమో చూడండి. 24.04లో ఆ ప్యాకేజీ పేరు లిబ్‌ఫ్యూజ్2టీ64. ఫ్లాట్‌ప్యాక్‌ని మొదటిసారి ఇన్‌స్టాల్ చేశాక మాత్రం లాగౌట్ అయి రావాల్సిందే, అప్పటిదాకా ఆ అప్లికేషన్లు మెనూలో కనిపించవు.

డెస్క్‌టాప్ మీద పెట్టిన లాంచర్‌ని నొక్కితే నమ్మదగినది కాదు అని హెచ్చరిక వస్తుంది. 4.18 నుంచి ఒప్పుకున్నప్పుడు ఫైల్ చెక్‌సమ్‌ని (లోపలి విషయం నుంచి లెక్కకట్టిన సంఖ్యని) గుర్తు పెట్టుకుంటుంది. అందుకే ఆ తర్వాత ఫైల్‌లో ఒక్క అక్షరం మార్చినా మళ్ళీ అడుగుతుంది. విసుగే గానీ ఈ పద్ధతి సరైనదే. పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిన డాట్ డెస్క్‌టాప్ ఫైల్ ఏ కమాండ్‌నైనా నడపగలదు మరి.

ఇక అసలు తలనొప్పి, డిఫాల్ట్ ఫైల్ మేనేజర్. థునార్‌తో పాటు నీమో, నాటిలస్ లాంటి ఇంకో ఫైల్ మేనేజర్‌ని ఇన్‌స్టాల్ చేసిన మెషీన్‌లో ప్యానెల్ బొమ్మ నొక్కితే ఒకటి, టెర్మినల్‌లోంచి ఫోల్డర్ తెరిస్తే ఇంకొకటి, ఫైర్‌ఫాక్స్ డౌన్‌లోడ్లలో ఫోల్డర్ గుర్తు నొక్కితే మూడోది తెరుచుకోవచ్చు. డిఫాల్ట్ అనేది ఒక్కచోట ఉండాలని మామూలు మనిషి అనుకుంటాడు. ఇక్కడ అది మూడు చోట్ల ఉంది, ఎవరికి వారే యమునా తీరే.

మొదటిది ఎక్స్‌ఎఫ్‌సీఈ సొంతది. డాట్ కాన్ఫిగ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్‌లో హెల్పర్స్ డాట్ ఆర్‌సీ అనే చిన్న ఫైల్. ఫైల్‌మేనేజర్ ఈక్వల్స్ థునార్, వెబ్‌బ్రౌజర్ ఈక్వల్స్ ఫైర్‌ఫాక్స్ లాంటి నాలుగు లైన్లు ఉంటాయి. ప్యానెల్‌లో ఫైల్ మేనేజర్ అన్న పేరుతో ఉండే సాధారణ లాంచర్ దీన్నే చదువుతుంది. దాని కమాండ్‌లో డబుల్ హైఫన్ లాంచ్, ఫైల్‌మేనేజర్ అన్న మాటలు కనిపిస్తాయి. కమాండ్‌లో నేరుగా థునార్ అని ఉంటే అది వేరే లాంచర్, డిఫాల్ట్‌తో దానికి సంబంధం లేదు. బొమ్మలు రెండిటికీ ఒకేలా ఉండటం వల్ల డిఫాల్ట్ మార్చినా ప్యానెల్ మాట వినడం లేదని జనం తిట్టుకుంటారు.

ఆ లైన్‌లో రాసి ఉన్న ప్రోగ్రామ్‌ని తీసేస్తే వచ్చే సందేశం ఫెయిల్డ్ టు ఎగ్జిక్యూట్ డిఫాల్ట్ ఫైల్ మేనేజర్, కింద ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్. ఇది చూసి హార్డ్‌డిస్క్ పోయిందని బెంబేలెత్తి రిపేర్ షాపుకి పరిగెత్తనక్కర్లేదు, డిస్క్‌కీ దీనికీ ఏ సంబంధం లేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ మొత్తంలో ఇంతకంటే చెత్త సందేశం ఇంకోటి లేదు. ఇన్నేళ్ళుగా దీన్ని ఇలాగే ఉంచడం క్షమించరానిది. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ అప్లికేషన్స్, యుటిలిటీస్ ట్యాబ్‌లో ఫైల్ మేనేజర్‌ని మళ్ళీ ఎంచుకుంటే పోతుంది. అదే ట్యాబ్‌లో టెర్మినల్ ఎమ్యులేటర్ కూడా చూడండి. థునార్‌లో ఓపెన్ టెర్మినల్ హియర్ పనిచెయ్యకపోవడానికి కారణం ఎక్కువగా అక్కడే ఉంటుంది.

రెండోది మైమ్ రకాలది (ఏ రకం ఫైల్‌ని ఏ ప్రోగ్రామ్ తెరవాలో చెప్పే పట్టిక), అన్ని డెస్క్‌టాప్‌లకీ ఉమ్మడి. డాట్ కాన్ఫిగ్‌లో మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ ఫైల్, అందులో ఐనోడ్/డైరెక్టరీ అన్న లైన్. ఫోల్డర్ కూడా ఇక్కడ ఒక ఫైల్ రకమే. బావోబాబ్ డిస్క్ వాడకం చూపించే ప్రోగ్రామ్, వీఎస్ కోడ్ పాత వెర్షన్లు మేమూ ఫోల్డర్లు తెరుస్తాం అని ప్రకటించుకుంటాయి. అందుకే కొన్ని మెషీన్లలో ఫోల్డర్ తెరవబోతే కోడ్ ఎడిటర్ ప్రత్యక్షమవుతుంది. ప్రస్తుతం ఎవరి చేతిలో ఉందో ఎక్స్‌డీజీ-మైమ్ క్వెరీ డిఫాల్ట్ ఐనోడ్/డైరెక్టరీ అని టెర్మినల్‌లో అడిగితే చెబుతుంది. మార్చడానికి ఎక్స్‌డీజీ-మైమ్ డిఫాల్ట్ థునార్.డెస్క్‌టాప్ ఐనోడ్/డైరెక్టరీ. లేదా డిఫాల్ట్ అప్లికేషన్స్‌లోనే అదర్స్ ట్యాబ్‌లో ఐనోడ్ అని వెతకండి.

ఇక్కడ మూడు మెలికలున్నాయి. ఒకటి, పాత వెర్షన్లలో థునార్.డెస్క్‌టాప్ ఫైల్ పేరు పెద్ద టీతో మొదలయ్యేది, ఇప్పుడు చిన్న టీ. పాత హోమ్ ఫోల్డర్‌ని కొత్త సిస్టమ్‌లోకి తెచ్చుకున్నవాళ్ళ లిస్ట్‌లో పెద్ద టీ మిగిలిపోతే ఆ లైన్ ఎందుకూ పనికిరాదు. రెండు, అదే ఫోల్డర్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ-మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ అనే ఇంకో ఫైల్ ఉంటే మాట దానిదే చెల్లుతుంది. మూడు, హోమ్‌లో డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్ ఫోల్డర్‌లో మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ పెట్టడం పాత అలవాటు. ఇప్పుడు అది సరైన చోటు కాదు, అక్కడ మిగిలిన లైన్లు గందరగోళం పెంచుతాయి తప్ప ఉపయోగం లేదు.

మూడోది కంటికి కనిపించేది కాదు. బ్రౌజర్ ఒక ఫైల్‌ని దాని ఫోల్డర్‌లో చూపించాలంటే డీ-బస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీద ఓఆర్‌జీ డాట్ ఫ్రీడెస్క్‌టాప్ డాట్ ఫైల్‌మేనేజర్1 అన్న పేరుని పిలుస్తుంది. ఆ పేరుతో అప్పటికే ఎవరైనా నడుస్తుంటే పని వాళ్ళకే పోతుంది. ఎవరూ లేకపోతే స్లాష్ యూఎస్‌ఆర్, షేర్, డీబస్-1, సర్వీసెస్ ఫోల్డర్‌లో ఆ పేరు చెప్పుకునే ఫైల్ వెతికి, అందులో ఉన్న ప్రోగ్రామ్‌ని లేపుతుంది. థునార్‌కీ అక్కడ ఫైల్ ఉంది, నీమోకీ ఉంది, నాటిలస్‌కీ ఉంది. ఇద్దరు ముగ్గురు ఒకే పేరు చెప్పుకుంటే ఎవరికి దక్కుతుందో భరోసా లేదు. డిఫాల్ట్ అప్లికేషన్స్ విండోలో ఎన్నిసార్లు మార్చినా ఇక్కడ ఏమీ మారదు, ఎందుకంటే ఆ విండోకి ఈ సంగతే తెలియదు.

పరిష్కారం ఇది. ఆ సర్వీసెస్ ఫోల్డర్‌లో పేరులో థునార్, ఫైల్‌మేనేజర్1 రెండూ ఉన్న ఫైల్‌ని పట్టుకోండి. హోమ్‌లో డాట్ లోకల్, షేర్, డీబస్-1, సర్వీసెస్ అన్న వరసలో ఫోల్డర్లు చేసి అందులోకి కాపీ చెయ్యండి. హోమ్‌లో ఉన్నదానికే ప్రాధాన్యం దక్కుతుంది. లాగౌట్ అయి తిరిగి రండి. సిస్టమ్ ఫోల్డర్‌లోని నీమో ఫైల్‌ని డిలీట్ చెయ్యమనే సలహాలు ఎవరైనా ఇస్తే వినకండి, తర్వాతి అప్‌డేట్‌తో అది మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. కాస్త సూటిగా చెప్పాలంటే, నీమో తప్పనిసరి కాకపోతే తీసేయడమే హాయి.

తెలుగులో డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి ఇంకో తికమక. భాష మార్చి లాగిన్ అవ్వగానే డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్ల పేర్లు తెలుగులోకి మార్చమంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే పాత పేరుతో దారి రాసిన లాంచర్లూ, స్క్రిప్ట్‌లూ ఆగిపోతాయి. పాత పేర్లే ఉంచి, మళ్ళీ అడగవద్దు అన్న టిక్ పెట్టడం మంచిది. మెనూలు, సందేశాలు అనువాదం అయినంతవరకు ఎలాగూ తెలుగులోనే ఉంటాయి. ప్యానెల్ ఎత్తు మరీ తక్కువైతే ఒత్తులు కింద తెగినట్టు కనిపించవచ్చు, ప్యానెల్ ప్రిఫరెన్సెస్‌లో రో సైజు నాలుగైదు పిక్సెళ్ళు పెంచండి.

ప్యానెల్ పూర్తిగా మాయమైతే ఆల్ట్, ఎఫ్2 నొక్కి ఎక్స్‌ఎఫ్‌సీఈ4-ప్యానెల్ అని కొట్టండి. వేలాడుతుంటే చివర -ఆర్ చేర్చండి. ప్యానెల్ సెట్టింగులున్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ని చేత్తో దిద్దాలంటే మాత్రం జాగ్రత్త: సెట్టింగులు చూసుకునే ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌డీ పాత విలువల్ని మెమరీలో పెట్టుకుని మీరు రాసినదాన్ని చెరిపేస్తుంది. లాగౌట్ అయి, వేరే కన్సోల్‌లోంచి దిద్దాలి. ఇదంతా రాకుండా ఉండాలంటే ప్యానెల్ ప్రొఫైల్స్ అనే ప్రోగ్రామ్‌తో ఒక నకలు దాచుకుని, లాక్ ప్యానెల్ టిక్ పెట్టుకోండి.

థునార్ విషయానికొస్తే, పనిమంతుడే. 4.18లో ఎఫ్3తో రెండు పలకలు, కంట్రోల్ జెడ్‌తో అన్‌డూ, లోపలి ఫోల్డర్లలో కూడా వెతికే కంట్రోల్ ఎఫ్ వచ్చాయి. పది ఫైళ్ళు ఎంచుకుని ఎఫ్2 నొక్కితే మూకుమ్మడిగా పేర్లు మార్చే పనిముట్టు తెరుచుకుంటుంది. జిరాక్స్ షాపులో వాట్సాప్ నుంచి దించుకున్న ఫైళ్ళని వరసలో పెట్టుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. మొదటిసారి తెరవడానికి పది, ఇరవై సెకన్లు పడుతుంటే నెట్‌వర్క్, ఫోన్ లాంటి చోట్ల ఫైళ్ళని చూపించే జీవీఎఫ్ఎస్ నెట్‌వర్క్‌ని వెతుకుతోందని అనుమానించండి. స్లాష్ యూఎస్‌ఆర్, షేర్, జీవీఎఫ్ఎస్, మౌంట్స్ ఫోల్డర్‌లో నెట్‌వర్క్ డాట్ మౌంట్ ఫైల్ తెరిచి ఆటోమౌంట్‌ని ఫాల్స్ చేస్తే ఆ జాప్యం పోతుంది. వీడియోల ఫోల్డర్ తెరవగానే ఫ్యాన్ గుయ్యిమంటే అది టంబ్లర్, థంబ్‌నెయిళ్ళు గీస్తోంది. ప్రిఫరెన్సెస్‌లో లోకల్ ఫైల్స్ ఓన్లీ పెట్టి, పెద్ద ఫైళ్ళని వదిలేసేలా పరిమితి ఇవ్వండి. కేబుల్‌తో పెట్టిన ఫోన్ కనిపించకపోతే జీవీఎఫ్ఎస్-బ్యాకెండ్స్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి. అంతకంటే ముందు ఫోన్ లాక్ తీసి, ఛార్జింగ్ బదులు ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకున్నారో లేదో చూడండి. సగం సార్లు అదే.