క్లస్టర్‌లో వీఎం టెస్టులు: నెస్టెడ్ నోడ్ పూలా, బేర్ మెటలా?

మేనేజ్డ్ కుబర్నెటీస్‌లో (కంటెయినర్లను నడిపే వ్యవస్థ, క్లౌడ్ కంపెనీ నిర్వహించేది) ఆటోమేటెడ్ టెస్టుల కోసం వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు, నడపాలంటే నెస్టెడ్ నోడ్ పూల్ (వీఎంలోనే ఇంకో వీఎం నడపగల నోడ్‌ల గుంపు) తీసుకోవాలా, బేర్ మెటల్ (నేరుగా అసలు మెషీన్) తీసుకోవాలా అని ఈమధ్య వరసగా అడుగుతున్నారు. ఓఎస్ ఇన్‌స్టాలర్లు, కెర్నల్ మాడ్యూళ్లు, ఆండ్రాయిడ్ యాప్‌లు పరీక్షించేవాళ్లకు ఉత్త కంటెయినర్ సరిపోదు కదా. చాలామంది ముందు గంట అద్దె చూస్తున్నారు. నేను ముందు చూసేది వేరు: టెస్ట్ ఫెయిలైతే తప్పు మన కోడ్‌దేనని గట్టిగా చెప్పగలమా? చెప్పలేకపోతే వారం తిరక్కుండానే టీమంతా ఎర్ర రంగు కనబడగానే 'మళ్లీ రన్ చెయ్' అనడం మొదలుపెడతారు. అక్కడితో ఆ టెస్టుల పని అయిపోయినట్టే.

గూగుల్ కుబర్నెటీస్ సేవ జీకేఈలో నోడ్ పూల్ సృష్టించేటప్పుడే నెస్టెడ్ వర్చువలైజేషన్ ఆన్ చేసుకోవచ్చు. స్టాండర్డ్ క్లస్టర్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మెషీన్ కావాలి. చవగ్గా ఉందని ఈ2 రకం మెషీన్ తీసుకుంటే కుదరదు. మైక్రోసాఫ్ట్ సేవ ఏకేఎస్‌లో వాడుకోగల డీవీ3 లాంటి అజూర్ మెషీన్ సైజులు 2017 నుంచీ దీన్ని ఇస్తున్నాయి. సీపీయూ మీద 10 శాతం, అంతకు మించి కూడా వేగం తగ్గొచ్చని గూగుల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. డిస్క్ పని ఎక్కువైతే దెబ్బ ఇంకా పెద్దది.

అయితే నేను చూసిన ఉత్తుత్తి ఫెయిల్యూర్లలో ఎక్కువ భాగం ఆ 10 శాతం వల్ల వచ్చినవి కావు, పాడ్ లిమిట్ల (కంటెయినర్లు నడిచే యూనిట్ అయిన పాడ్‌కు పెట్టే సీపీయూ, మెమొరీ పరిమితుల) వల్ల వచ్చినవి. గెస్ట్‌కు, అంటే పాడ్‌లో నడిచే వీఎంకు, 2 వీసీపీయూలు, 4 జీబీ ఇచ్చి, పాడ్ లిమిట్ కూడా సరిగ్గా అంతే పెడతారు. వీఎంను నడిపే ప్రోగ్రామ్ క్యూఈఎంయూ సొంత థ్రెడ్లకూ సీపీయూ కావాలి. కోటా అయిపోగానే కెర్నల్ పాడ్ మొత్తాన్ని ఆపుతుంది, గెస్ట్ కాసేపు కొయ్యబారిపోతుంది. లాగ్‌లో సీపీయూ ఇరుక్కుపోయిందనే 'సాఫ్ట్ లాకప్' హెచ్చరిక కనిపిస్తుంది, కోడ్ రాసినవాళ్లకు ఊరికే టెన్షన్. మెమొరీ సంగతీ అంతే, గెస్ట్ 4 జీబీ నిండా వాడుకుంటే క్యూఈఎంయూ ఓఓఎంకి (మెమొరీ చాలక కెర్నల్ ప్రాసెస్‌ను చంపేయడానికి) బలవుతుంది. ఇలాంటి గెస్ట్‌కు పాడ్‌లో 3 సీపీయూలు, 5 జీబీ ఇచ్చి, రిక్వెస్టూ (ముందే కేటాయించే వాటా) లిమిటూ సమానంగా పెట్టండి.

ఇంకో చిక్కు /డెవ్/కేవీఎం, అంటే వీఎంలను హార్డ్‌వేర్ సాయంతో వేగంగా నడిపే లినక్స్ కేవీఎంకు డివైస్ ఫైల్. దాన్ని హోస్ట్‌పాత్‌గా (నోడ్‌లోని ఫైల్‌ను నేరుగా పాడ్‌కి చూపించే పద్ధతి) మౌంట్ చేస్తే పాడ్‌లో ఫైల్ కనిపిస్తుంది గానీ, తెరవబోతే పర్మిషన్ ఎర్రర్ వస్తుంది. ఏ డివైస్ వాడొచ్చో నిర్ణయించే కెర్నల్ డివైస్ సీగ్రూప్ అడ్డుకుంటుంది మరి. చాలామంది అక్కడ విసిగిపోయి ప్రివిలేజ్డ్ పెట్టేస్తారు. ఎవరో పంపిన పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పు ప్రతిపాదన) కోడ్ నడిచే పాడ్‌కి నోడ్ తాళాలన్నీ ఇచ్చేయడం నాకు అస్సలు మింగుడుపడదు. డివైస్ ప్లగిన్ వాడితే ఆ ఒక్క డివైసే అందుతుంది. కుబర్నెటీస్‌లో వీఎంలు నడపడానికి వాడే క్యూబ్‌వర్ట్‌లో ఆ ప్లగిన్ ముందే ఉంటుంది, మెమొరీ ఓవర్‌హెడ్ లెక్క కూడా అదే వేసుకుంటుంది. ఒక్క ఆండ్రాయిడ్ ఎమ్యులేటరే నడపాలంటే మాత్రం క్యూబ్‌వర్ట్ అంతటిది అక్కర్లేదు, విడిగా ఒక కేవీఎం ప్లగిన్ చాలు.

ఇక బేర్ మెటల్. అమెజాన్ మెషీన్ల సేవ ఈసీ2లో కేవీఎం కావాలంటే చాలాకాలం ఇదొక్కటే దారి, అందుకే అమెజాన్ కుబర్నెటీస్ సేవ ఈకేఎస్ వాడేవాళ్లు ఇటు మొగ్గుతారు. వేగానికి తిరుగులేదు, మధ్యలో ఇంకో హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే పొర) ఉండదు. కానీ ఎం5.మెటల్ తీసుకుంటే 96 వీసీపీయూలు, 384 జీబీ ఒకేసారి నెత్తిన పడతాయి. మామూలు ఇన్‌స్టెన్స్ కంటే బూట్‌కి చాలా ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, సున్నా నోడ్‌ల నుంచి ఆటోస్కేల్ చేస్తే పుల్ రిక్వెస్ట్ పెట్టినవాళ్లు నోడ్ కోసం కాచుక్కూర్చోవాలి. ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే బిల్లు వాచిపోతుంది. రోజంతా దాన్ని నింపేటన్ని టెస్టులున్నా, పనితీరు కొలతలు తీసుకుంటున్నా మెటలే సరి.

కేవీఎం లేకుండా మామూలు నోడ్ మీద సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్ కూడా ఉంది. ఎక్స్86 నోడ్ మీద ఆర్మ్ ఇమేజ్ బూట్ చేయాల్సివస్తే తప్ప దాని జోలికి పోవద్దు. ఒక్కో పాడ్‌ను చిన్న వీఎంలో నడిపే కాటా కంటెయినర్లు పాడ్‌ను విడిగా ఉంచడానికి బాగుంటాయి, మన ఓఎస్ ఇమేజ్‌ను పరీక్షించడానికి కాదు.

పుల్ రిక్వెస్ట్ టెస్టులకు నా ఓటు నెస్టెడ్ నోడ్ పూల్‌కే. కనీస నోడ్‌లు సున్నా పెట్టి, టెయింట్ (అనుమతి లేని పాడ్‌లను రానివ్వని గుర్తు) వేసి వేరుగా ఉంచండి, లేకపోతే మామూలు పాడ్‌లు వచ్చి అందులో కూర్చుంటాయి, పూల్ మళ్లీ సున్నాకు దిగదు.