శంకరాభరణమా, సాగర సంగమమా: ఈ ఏడాది నా మొదటి ర్యాంకు

ఈ ఏడాది మొదటిసారి చూసిన సినిమాల్లో పై రెండు స్థానాలూ కె. విశ్వనాథ్‌వే: శంకరాభరణం (1980), సాగర సంగమం (1983). ఏది ముందో తేల్చుకోవడానికి చాలా రోజులు పట్టింది.

సంగీతం మాత్రమే చూస్తే శంకరాభరణానిదే పైచేయి. కె.వి. మహదేవన్ బాణీలు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు, జె.వి. సోమయాజులు నిలబడే తీరు చూస్తుంటే మనకే తెలియకుండా సర్దుకుని కూర్చుంటాం. పెళ్లిచూపుల్లో కూతురు పాడుతూ స్వరం తప్పితే శంకరశాస్త్రి (సోమయాజులు) అందరి ముందే గద్దిస్తాడు. ఆయన మీద గౌరవం పోలేదు కానీ, ఆ పిల్ల ముఖం చూసి నాకు బాధేసింది.

అయినా నా మొదటి ర్యాంకు సాగర సంగమానికే. కారణం ఒక్క సీను. ఢిల్లీలో జరగబోయే నాట్యోత్సవం ఆహ్వాన పుస్తకాన్ని మాధవి, నాట్య కళాకారుడైన తన స్నేహితుడు బాలు (కమల్ హాసన్) చేతిలో పెడుతుంది. అతను ఒక్కో పేజీ తిప్పుతూ పెద్ద పెద్ద కళాకారుల ఫొటోలు చూసి మురిసిపోతుంటాడు. ఇంకో పేజీ తిప్పితే తన ఫొటో! ఆ నవ్వు, ఆ కన్నీళ్లు, నమ్మలేని ఆ చూపు... అక్కడ ఆపి మళ్లీ వెనక్కి వెళ్లి చూశాను. పెళ్లిళ్లలో వంట చేసే తల్లి కొడుకు అతను. అప్పటికి కమల్ హాసన్‌కి 28 ఏళ్లే, తాగుడుకు బానిసైన నడివయసు బాలుగానూ నమ్మించాడు.

శంకరశాస్త్రికి నమస్కారం పెట్టాలనిపించింది. బాలు పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది.