విండోస్ 11 మీద హెక్-2: డాస్‌బాక్స్-ఎక్స్‌తో కొన్నేళ్ల కాపురం

పాత డాస్ ప్రోగ్రామ్‌లని ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపించే ఎమ్యులేటర్ డాస్‌బాక్స్-ఎక్స్ గురించి ఎవరు రాసినా పాత గేమ్స్ సంగతే రాస్తారు. నేను దాంట్లో ఒక్క ఆట కూడా ఆడలేదు. నాకు దాంతో ఉన్న పని వరద నీటిమట్టాలు లెక్కగట్టే పాత డాస్ ప్రోగ్రామ్ హెక్-2ని నడిపించడం, అంతే. అందులో నాకు బాగా నచ్చింది మౌంట్ కమాండ్. విండోస్‌లోని ఒక మామూలు ఫోల్డర్‌ని ఇదే సీ డ్రైవ్ అని చూపిస్తే చాలు, పాత ప్రోగ్రామ్ నమ్మేస్తుంది. ఇన్‌పుట్ ఫైల్‌ని ఇటువైపు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో దిద్దుతాను, అటువైపు రన్ కొడతాను, ఔట్‌పుట్ మళ్లీ ఇటువైపే తెరుస్తాను. వర్చువల్ మెషీన్‌లో ఫ్రీడాస్ అనే ఉచిత డాస్ పెట్టుకుని, ప్రతి చిన్న ఫైల్‌నీ ఫ్లాపీ ఇమేజ్‌లోకి ఎక్కించి దించినవాళ్లకి ఈ సుఖం ఏమిటో తెలుస్తుంది.

నేను అమెరికాలో వరద ముంపు మ్యాపుల సవరణ పని చేస్తాను. ఊళ్లో ఇరిగేషన్ శాఖలో ఉన్న నా క్లాస్‌మేట్ ఇది విని, "ఒరే, హెక్-రాస్ ఉచితంగానే ఇస్తున్నారు కదా, ఇంకా ఈ తద్దినం ఎందుకురా?" అన్నాడు. వాడన్నదీ నిజమే. హెక్-2 తయారుచేసిన అమెరికా ఆర్మీ ఇంజనీర్ల సంస్థే 1995లో దాని స్థానంలో హెక్-రాస్‌ని తెచ్చింది. పాత డేటాని అది దిగుమతి కూడా చేసుకుంటుంది. కానీ ఇక్కడ అమల్లో ఉన్న మ్యాపుల్లో కొన్నిటి వెనకాల ఉన్న లెక్క ఇప్పటికీ హెక్-2దే. ఆ మ్యాప్ మార్చమని వాటిని జారీచేసే ప్రభుత్వ సంస్థ ఫీమాకి అర్జీ పెట్టాలంటే ముందు ఆ పాత లెక్కని మన దగ్గర మళ్లీ చేసి చూపించాలి. మనం మార్చిన భాగం దాటాక, రెండు చివర్లలోనూ కొత్త మట్టాలు పాతవాటితో అర అడుగు లోపు కలవాలి.

రాస్‌లోకి లాగితే ఉన్నపళంగా అవే అంకెలు రావు. గట్లు దాటి పారే భాగంలో నీటిని మోసే సామర్థ్యాన్ని హెక్-2 సర్వే పాయింటు పాయింటుకీ విడగొట్టి లెక్కేస్తుంది. రాస్ మామూలుగా మానింగ్స్ 'ఎన్' (వాగు అడుగూ ఒడ్డూ నీటికి ఎంత అడ్డుపడతాయో చెప్పే అంకె) మారిన చోటే విడగొడుతుంది. పాత పద్ధతిలో లెక్కించే ఆప్షన్ కూడా అందులో ఉంది, చాలాసార్లు దాంతో సరిపోతుంది కూడా. వంతెనల దగ్గరే పేచీ.

విండోస్ 11కి 32 బిట్ వెర్షన్ లేదు, 64 బిట్ విండోస్ ఇలాంటి పాత 16 బిట్ ప్రోగ్రామ్‌ని గుమ్మం కూడా తొక్కనివ్వదు. నా పాత 32 బిట్ ల్యాప్‌టాప్ పోయాక ఇక ఎమ్యులేటరే గతి అయింది.

ఒక వాగు పనిలో మాత్రం చెమటలు పట్టాయి. అసలు డేటా ఫైల్ ఎవరి దగ్గరా లేదు, పాత ప్రింటవుట్ స్కాన్ మాత్రం దొరికింది. దాన్ని ఓసీఆర్ చేసి (అంటే స్కాన్‌లోని అక్షరాల్ని కంప్యూటర్‌తో చదివించి) ఫైల్‌గా ఇచ్చింది ఒక సబ్‌కాంట్రాక్టర్. రన్ కొడితే ఒక్క ఎర్రర్ లేదు. దిగువ నుంచి మొదటి సగం సెక్షన్లలో (వాగుని అడ్డంగా కొలిచిన చోట్లలో) ప్రింటవుట్ మట్టాలూ నావీ రెండో దశాంశం దాకా ఒకటే. తర్వాత ఒక మలుపు దగ్గర ఉన్నట్టుండి నాది అడుగు పైచిలుకు తక్కువ. అక్కణ్నుంచి ఎగువకి వెళ్లేకొద్దీ తేడా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

మొదటి అనుమానం డాస్‌బాక్స్ మీదికే పోయింది. ఎంతైనా గేమ్స్ కోసం పుట్టిన సరుకు. ఇంటెల్ కోప్రాసెసర్ 80 బిట్లలో చేసే దశాంశాల లెక్కని డాస్‌బాక్స్ మామూలు కోర్ 64 బిట్లతో సరిపెడుతుందని చదివి ఉన్నాను. క్లయింట్‌కి ఏం చెప్పాలన్న టెన్షన్ ఒకవైపు. అటకెక్కించిన ఫ్రీడాస్ వర్చువల్ మెషీన్‌ని దింపి, అదే ఫైల్ అందులో నడిపాను. అదే తప్పు జవాబు, చివరి అంకె దాకా. అంటే తప్పు డాస్‌బాక్స్‌ది కాదు.

ఇక మిగిలింది డేటా. హెక్-2 ఇన్‌పుట్ పంచ్ కార్డుల కాలం నాటిది. ఒక్కో లైనూ ఒక కార్డు కింద లెక్క. లైనుకి 80 గళ్లు, ఎనిమిదేసి గళ్లకి ఒక ఫీల్డ్, మొదటి ఫీల్డ్‌లో రెండు గళ్లు కార్డు పేరుకే పోతాయి. కామాలుండవు. అంకె ఎక్కడ కూర్చుందో దాన్నిబట్టే దాని అర్థం. మానింగ్స్ విలువలుండే ఎన్‌సీ కార్డులో మొదటి ఫీల్డ్ ఎడమ ఒడ్డుకి, రెండోది కుడి ఒడ్డుకి, మూడోది వాగు నడుమకి. ఖాళీగా వదిలితే పాత విలువే వాడుకోమని లెక్క. ఆ మలుపు దగ్గర నడుమ విలువ ఒక్కటే .035 నుంచి .050కి మారింది. కాబట్టి ప్రింటవుట్‌లో ఎన్‌సీ తర్వాత రెండు ఫీల్డ్‌లు ఖాళీ, మూడో దాంట్లో .050. ఓసీఆర్ ఆ ఖాళీని కుదించేసింది. దాంతో .050 జరిగి కుడి ఒడ్డు ఫీల్డ్‌లో కూర్చుంది. వాగు నడుమ పాత .035 అలాగే ఉండిపోయింది, చెట్లున్న కుడి ఒడ్డుకి .080 పోయి .050 వచ్చింది. రెండూ నీటికి అడ్డు తగ్గించేవే, మట్టం పడిపోక ఏం చేస్తుంది? ప్రోగ్రామ్‌కి ఇందులో తప్పేమీ కనబడలేదు. డేటాని ముందే తనిఖీ చేసే ఎడిట్-2 కూడా కిమ్మనలేదు.

హెక్-2 తను చదివిన కార్డుల్ని ఔట్‌పుట్ మొదట్లో తిరిగి అచ్చేస్తుంది. ఆ ఫైల్‌ని విండోస్ వైపు తెరిచి, ఖాళీల చోట చుక్కలు కనబడే సెట్టింగ్ పెట్టుకుని, పక్కన స్కాన్ ఉంచి లైను లైనూ చూస్తూ పోతే దొరికింది. ఎనిమిది స్పేస్‌లు కొట్టి మళ్లీ రన్ చేస్తే ఎగువ దాకా మట్టాలు ప్రింటవుట్‌తో కలిశాయి. ఫైల్ ఇలా చేతికందేలా లేకపోతే ఆ ఎన్‌సీ లైను దాకా వెళ్లేంత ఓపిక ఉండేదని అనుకోను.

కలిశాయి అన్నాను గానీ, వంతెన పక్క సెక్షన్లలో అడుగులో వందో వంతు తేడా ఉండిపోయింది. దానికి కారణం ఇప్పటికీ దొరకలేదు, ఫీమా వాళ్లూ అడగలేదు. మౌంట్‌కి కూడా ఒక తిరకాసు ఉంది. డాస్‌బాక్స్ ఫోల్డర్ జాబితాని ఒకసారి చదివి గుర్తుపెట్టుకుంటుంది, విండోస్ వైపు నుంచి కొత్త ఫైల్ వేస్తే రీస్కాన్ కొట్టేదాకా ఒక్కోసారి కనబడదు. ట్రూటైప్ అక్షరాల సదుపాయం పెద్ద మానిటర్ మీద కళ్లకి హాయే, కానీ ప్రోగ్రామ్ గ్రాఫ్ గీసే మోడ్‌కి మారిందంటే మళ్లీ పాత పిక్సెల్ బొమ్మలే. గ్రాఫుల జోలికి నేను పోను కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

నావి చిన్న వాగులు, చిన్న కన్సల్టెన్సీ, నా కంప్యూటర్‌కి నేనే అడ్మిన్. తెలియని ప్రోగ్రామ్ కనబడితే ఐటీ వాళ్లు తీసిపారేసే పెద్ద ఆఫీసులో ఇది ఎంతవరకు సాగుతుందో చెప్పలేను. డాంగిల్ (లైసెన్సు తాళంలా కంప్యూటర్‌కి తగిలించే చిన్న పరికరం) అడిగే పాత ప్రోగ్రామ్‌లతో నాకు అనుభవం లేదు. కొత్త పనైతే నేనూ రాస్‌లోనే మొదలుపెడతాను. పాత ప్రింటవుట్ చేతికొస్తే మాత్రం ముందు డాస్‌బాక్స్ తెరుస్తాను. ఓసీఆర్ ఫైల్ ఎవరిచ్చినా సరే, ఎన్‌సీ కార్డులు మాత్రం నేనే కూర్చుని టైప్ చేసుకుంటాను.